ఏడు దినముల లెక్క

ప్రతిదినము ఉదయము ప్రసారములు ఆరంభించునప్పుడు మేము ఆనాటి తేదీని చదువుదుము. శక సంవత్సరమును, మాసమును, తేదీని చెప్పి, దానికి సరియగు ఇంగ్లీషు తేదీని చెప్పి, వారము పేరు చేర్చుదుము. ఆ సమయమున శ్రోతలలో కొందరు కాఫీ త్రాగుచుందురు, కొందరు గడియారము సరిచూచుకొనుచుందురు. ఈ పని ఎన్నో సంవత్సరములుగా చేయుచున్నను, మేము చదువు ఆ కొద్ది మాటలలో ఒక మాట తక్కినవానివంటిది కాదని మాకు చాలకాలము తోచలేదు.

సంవత్సరమనగా భూమి సూర్యుని ఒకమారు చుట్టివచ్చు కాలము. మాసము చంద్రుని వృద్ధిక్షయములనుండి పుట్టినది. దినము సూర్యోదయమువలన తెలియును. ఈ మూడింటికిని ఆకాశమే సాక్షి. అడవిలో దారితప్పి లెక్క మరచినవాడు సైతము తలయెత్తి చూచి పున్నమిని గుర్తింపగలడు; చెట్ల చిగుళ్లను చూచి వసంతమును గుర్తింపగలడు. కాని నేడు మంగళవారమా, బుధవారమా యని అతడు ఆకాశమును అడిగినచో బదులు రాదు. చంద్రుని నాలుగు పాదములలో ఒక్కొక్కటి ఏడు దినములకు కొంచెము ఎక్కువ. కనుక చంద్రుడును ఈ లెక్కకు సరిపోడు. వారము ఆకాశమున లేదు. మనుష్యుల నోటను, జ్ఞాపకమునను మాత్రమే ఉన్నది. నిన్న సోమవారమని అందరును ఒప్పుకొనుటచేతనే నేడు మంగళవారమైనది.

ఇట్టి ఆధారములేని లెక్క రెండువేల ఏండ్లకు పైబడి ఎట్లు నిలిచినది? రాజులు, విప్లవకారులు, శాస్త్రజ్ఞులు దీనిని మార్చబూని ఎందుకు విఫలులైరి? ఈ ప్రశ్నలను గూర్చియే నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

వారమనగా ఏడు దినములే యని మనము తలంతుము. లోకమంతటను అట్లు లేదు. పూర్వము రోమనులకు ఎనిమిది దినములకొక సంతదినముండెను. ఆనాడు పల్లెలవారు సరకులతో పట్టణమునకు వచ్చి, అమ్మకములు, వ్యాజ్యములు ముగించుకొని పోవుచుండిరి. వారి పంచాంగములలో దినములకు వరుసగా ఎనిమిది అక్షరములు గుర్తులుగా వ్రాయుచుండిరి. చైనాలో మాసమును పదేసి దినముల మూడు భాగములుగా లెక్కించెడివారు. పశ్చిమాఫ్రికాలోని ఇగ్బో జాతివారికి నేటికిని నాలుగు దినముల వారమున్నది. ఎకె, ఓరియె, అఫో, ఎన్క్వో అనునవి ఆ నాలుగింటి పేర్లు. ఒక్కొక్క ఊరి సంత ఒక్కొక్క దినమున జరుగును. జావాద్వీపమున లెగి, పహింగ్, పోన్, వాగె, క్లివోన్ అను ఐదు దినముల వారము, ఏడు దినముల వారము రెండును పక్కపక్కనే నడచుచున్నవి. రెండును కలిసి 35 దినములకు ఒకమారు మొదటికి వచ్చును. బిడ్డ ఏ రెండు దినముల కూడికలో పుట్టినదో జావావారు జ్ఞాపకముంచుకొని, ముహూర్తములు దానినిబట్టి చూచుకొందురు.

నాలుగు, ఐదు, ఎనిమిది, పది: ఈ సంఖ్యలకు చాలవరకు మూలము అంగడియే. ఎన్నాళ్లకొకమారు నలుగురును ఒకచోట చేరిన ఇచ్చిపుచ్చుకొనుట సాగునో, అన్నాళ్లే వారము. ఈ సంగతి తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. సర్కారు జిల్లాలలో సంత యన్నను, తెలంగాణమున అంగడి యన్నను, ఊరి పేరుతోపాటు దినము పేరును చెప్పుట మన అలవాటు. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు పేరులో గురువారమున్నది. కర్నూలులో బుధవారపేట యున్నది. పూనా నగరమున వారముల పేర్లతో పేటలే వెలసినవి. ఫలానా దినమున ఫలానాచోట అందరును ఉందురను నమ్మకము లేనిదే సంత లేదు. వారమునకు కూడ అదియే ప్రాణము.

ఇక ఏడు దినముల సంగతి. ప్రాచీన బాబిలోనియాలో చాంద్రమాసమున ఏడవ, పదునాలుగవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ దినములు కొన్ని పనులకు కీడు దినములని ఎంచెడివారు. కాని మాసము మారగానే ఆ లెక్క మరల మొదటినుండి ఆరంభమగుచుండెను. చంద్రునితోను, ఋతువులతోను పని లేక, ఏడు వెంబడి ఏడుగా ఎడతెగక సాగు లెక్కను లోకమునకిచ్చినవారు యూదులు. దేవుడు ఆరు దినములలో సృష్టిచేసి ఏడవదినమున విశ్రమించెనని వారి శాస్త్రము. ఆ ఏడవదినము సబ్బాతు. శుక్రవారము సూర్యాస్తమయమునకు ముందు ఇంటి ఇల్లాలు దీపములు వెలిగించుటతో అది మొదలగును. శనివారము రాత్రి నక్షత్రములు కనబడగానే ద్రాక్షారసము, సుగంధద్రవ్యములు, దీపము ముందిడుకొని దానికి వీడ్కోలు చెప్పుదురు. ఆ ధర్మశాస్త్రమున గమనింపదగిన విశేషమొకటి కలదు. సబ్బాతునాడు విశ్రమింపవలసినది గృహయజమాని మాత్రమే కాదు. అతని కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, వాకిట నిలిచిన పరదేశి: అందరును విశ్రమింపవలెను. క్రీ. శ. 70 లో రోమనులు యెరూషలేము దేవాలయమును పడగొట్టిరి. దేవాలయము పోయినను సబ్బాతు పోలేదు. రాతికట్టడమును ధ్వంసము చేయవచ్చును. లెక్కను ధ్వంసము చేయుట కష్టము. యూదులు ఏ దేశమునకు చెదరిపోయినను దానిని వెంట తీసికొనిపోయిరి.

క్రైస్తవులు ఆ లెక్కనే తీసికొని, క్రీస్తు మృతినుండి లేచిన దినమని ఆదివారమును ఆరాధనాదినము చేసికొనిరి. క్రీ. శ. 321 లో రోమకచక్రవర్తి కాన్‌స్టంటైను, న్యాయాధిపతులును పట్టణవాసులును ఆదివారము పని మానవలెనని శాసించెను. విత్తుటకును కోయుటకును అదను తప్పరాదు గనుక కర్షకులకు మాత్రము మినహాయింపు నిచ్చెను. ఇథియోపియాలోని ప్రాచీన క్రైస్తవసంఘము శనివారమును, ఆదివారమును రెండింటిని మన్నించును. ఇస్లాము శుక్రవారమును ప్రధానము చేసినది. కాని శుక్రవారము సబ్బాతు వంటిది కాదు. జుమా అను పేరునకే కూడిక యని అర్థము. ప్రార్థనకు పిలుపు వినబడగానే వ్యాపారము విడిచి రావలెననియు, ప్రార్థన ముగిసిన పిదప చెదరిపోయి జీవనోపాధి చూచుకొనవచ్చుననియు ఖురాను చెప్పుచున్నది. దేవుడు అలసిపోయి విశ్రమించెనను భావమును ఇస్లాము అంగీకరింపదు. కనుక శుక్రవారమున ముఖ్యమైనది పని మానుట కాదు, నలుగురును కూడుట. ఇట్లు మూడు మతములు పక్కపక్కనున్న మూడు దినములను పంచుకొనినవి. లెక్క మాత్రము మూడింటికిని ఒక్కటియే.

దినములకు పేర్లు పెట్టుటలో రెండు పద్ధతులున్నవి. ఒకటి అంకెల పద్ధతి. యూదులు మొదటిదినము, రెండవదినము అని యెంచుచు పోయి, ఏడవదానికి మాత్రము సబ్బాతని పేరిడిరి. అరబ్బులు ఆదివారమును ఒకటిగా ఎంచి, గురువారము ఐదని, తరువాతిది జుమా యని అందురు. పారసీకులు శనివారమునుండి ఎంచుదురు. గ్రీకులు శుక్రవారమును సంసిద్ధతాదినమని పిలుతురు. మరునాటి సబ్బాతునకు వంటలు, పనులు ముందుగా ముగించుకొనుట యని దాని భావము. యూరపులో ఇరుగుపొరుగు లందరును గ్రహముల పేర్లు చెప్పుచుండ, పోర్చుగీసువారు సోమవారమును రెండవదినమనియే నేటికిని చెప్పుచున్నారు. పశ్చిమాఫ్రికాలో ఘనాదేశపు అకాన్ జాతివారు పుట్టిన వారమునుబట్టి బిడ్డకు పేరు పెట్టుదురు. ఐక్యరాజ్యసమితికి ప్రధానకార్యదర్శిగానుండిన కోఫీ అన్నన్ పేరులో కోఫీ యనగా శుక్రవారమున పుట్టినవాడు. ఘనా స్వాతంత్ర్యనాయకుడు క్వామే ఎన్‌క్రూమా పేరులో క్వామే యనగా శనివారమున పుట్టినవాడు.

రెండవది గ్రహముల పద్ధతి. మనది ఇదియే. రవి, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని అను ఈ వరుస ఎట్లు వచ్చినదో ఎప్పుడైన ఆలోచించితిరా? ఆకాశమున గ్రహములున్న వరుస ఇది కాదు. ప్రాచీన జ్యోతిష్కులు మందగతి గల గ్రహమునుండి శీఘ్రగతి గల దానివరకు శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని వరుస పెట్టిరి. అహోరాత్రమును 24 హోరలుగా విభజించి, ఒక్కొక్క హోరకు ఒక్కొక్క గ్రహమును అధిపతిని చేసిరి. మొదటి హోరకు ఏ గ్రహము అధిపతియో ఆ దినమునకు ఆ గ్రహము పేరు. శనివారపు మొదటి హోర శనిది. ఏడేసి చొప్పున మూడు ఆవృత్తులు ముగిసినచో 21 హోరలు. మిగిలిన మూడు హోరలు శని, గురుడు, కుజులకు పోవును. మరునాటి మొదటి హోర రవిది; కనుక అది ఆదివారము. రవినుండి అట్లే లెక్కించిన చంద్రుడు వచ్చును, చంద్రునినుండి కుజుడు. వ్రేళ్లపై లెక్కించి చూచినచో ఏడు వారములును వరుస తప్పక వచ్చును. ఇంటిలో పిల్లలచేత లెక్కింపించి చూడుడు.

ఈ పద్ధతి గ్రీకు, ఈజిప్టు దేశముల సంపర్కమున రూపొంది, క్రీస్తుశకపు తొలి శతాబ్దులలో తూర్పునకును పడమరకును వ్యాపించినది. మన దేశమున వేదాంగజ్యోతిషమున తిథి నక్షత్రములున్నవి గాని వారములు లేవు. వారము పేర్కొనిన ప్రాచీన భారతశాసనములలో ప్రసిద్ధమైనది మధ్యప్రదేశములోని ఏరణ్ శాసనము. అది గుప్తరాజగు బుధగుప్తుని కాలమున, క్రీ. శ. 484 లో వేయబడినది. అందు గురువారము సురగురుదివసమని చెప్పబడినది. హోర యను మాట గ్రీకునుండి వచ్చినదే. అయినను, అహోరాత్రమను మాటలో మొదటి అక్షరమును చివరి అక్షరమును లోపింపగా మిగిలినదే హోర యను నిర్వచనమును వరాహమిహిరుడు పేర్కొనెను. పరాయిసొత్తును ఇంటిసొత్తు చేసికొనుటలో మన పూర్వులు నేర్పరులు! పల్లెప్రజ మరియొక అడుగు ముందుకు వేసినది. తెలంగాణమున ఆదిత్యవారము ఐతారమైనది, బృహస్పతివారము బేస్తవారమైనది, కోస్తాలో అదియే లక్ష్మివారమైనది. మన గురువారమునకు అధిపతియగు గ్రహమునే ఫ్రెంచివారి జూడి యను మాట తెలుపును. ఇంగ్లీషువారు ఆ గ్రహదేవతకు బదులు తమ ఉరుముల దేవుడగు థోరు పేరు పెట్టుకొనిరి. జపానువారు అదే గ్రహమును కాష్ఠగ్రహమని పిలిచి, ఆ దినమును కాష్ఠదినమందురు. భాషలు వేరైనను గురువారము మాత్రము లోకమంతటను ఒక్కమారే వచ్చుచున్నది.

మన పంచాంగమున వారము ఐదంగములలో ఒకటియై, వ్రతములకు, ప్రయాణములకు, క్షౌరమునకు సైతము అక్కరకు వచ్చినది. కాని పని మానుటకు వారమును ఆధారము చేసికొనలేదు. వేదపాఠశాలలకు పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య అనధ్యయనములు. కన్నడదేశమున మాత్రము సోమవారము బసవని దినమని ఎద్దుల మెడపై కాడి పెట్టని ఆచారము పల్లెలలో ఉన్నది. ఆదివారము సెలవన్నది కుంపిణీవారి కచేరీలతోను, పాఠశాలలతోను వచ్చినది. హైదరాబాదు సంస్థానమున సర్కారు కచేరీలకు శుక్రవారము సెలవుండెడిది.

అయితే కూలివానికి ఆదివారమును తెచ్చిపెట్టినది కుంపిణీ కాదు. పందొమ్మిదవ శతాబ్దమున బొంబాయి బట్టలమిల్లులలో స్త్రీలు, పురుషులు, పిల్లలు తెల్లవారినది మొదలు చీకటిపడువరకు పనిచేయుచుండిరి. వారి పక్షమున నారాయణ మేఘాజీ లోఖండే యను మహారాష్ట్రుడు నిలిచెను. ఆయన జ్యోతిబా ఫూలే అనుచరుడు, దీనబంధు పత్రికాసంపాదకుడు. 1884 నుండి ఆయన సభలు జరిపి, వేలాది కార్మికులచేత మహజర్లు సమర్పింపించెను. ఆదివారము ఖండోబా దేవుని దినము గనుక మాకును అది కావలెనని కార్మికులు వాదించిరి. దొరల చర్చిదినమును జేజూరి దేవుని దినముగా చేసికొని అడిగిన ఆ యుక్తిని మెచ్చుకొనకుండ ఉండలేము. 1890 జూను 10 వ తేదీన మిల్లుయజమానులు ఆదివారము సెలవునకు అంగీకరించిరి. మరుసటి యేడు ఫ్యాక్టరీ చట్టమును అందుకు తోడైనది. నేడు మనమనుభవించు ఆదివారమున ఆ కూలీల సంతకములున్నవి.

ఇన్ని చేతులు మారినను ఈ లెక్క తప్పకుండ వచ్చిన విధము ఆశ్చర్యకరము. 1582 లో పోపు గ్రెగరీ యూరపు పంచాంగమును దిద్దినప్పుడు పది తేదీలను తొలగించెను. అక్టోబరు 4 వ తేదీ గురువారము; మరునాడు 15 వ తేదీ. కాని వారము మాత్రము శుక్రవారమే! తేదీలను తొలగించుటకు సాహసించినవారు వారమును తాకుటకు సాహసింపలేదు. అంతకుమునుపు, 1522 లో, భూప్రదక్షిణము చేసి వచ్చిన మెజెలాన్ నావికులలో మిగిలినవారు కేప్ వెర్డీ ద్వీపములలో దిగి వారమడిగిరి. తమ లెక్కలో బుధవారము, తీరమున గురువారము. వారితోనుండిన పిగఫెట్టా ప్రతిదినము దినచర్య వ్రాసినవాడు. లెక్క తప్పలేదని అతనికి తెలియును. పడమటగా భూమిని చుట్టివచ్చుటచే ఒక దినము తగ్గెనని వారు పిదప గ్రహించిరి. ఒకరి లెక్క ఎంత సరియైనను, పదిమంది లెక్కతో కలియనిచో అది వారము కాదని కూడ వారికి తెలిసియుండును.

ఈ లెక్కను బుద్ధిపూర్వకముగా మార్చజూచినవారును ఉన్నారు. ఫ్రెంచివిప్లవకారులు 1793 లో ఏడు దినముల వారమును రద్దుచేసి పది దినముల దశకమును స్థాపించిరి. తూనికలు, కొలతలు దశాంశములైనప్పుడు కాలమేల కారాదని వారి తర్కము. పాపము, పనిచేయువాడు వేరు లెక్క వేసికొనెను: మునుపు ఏడు దినములకొక సెలవు, ఇప్పుడు పది దినములకొకటి! ప్రజలు పదవదినమును పాటింపక ఆదివారమునే పాటించుచుండిరి. 1802 లో ఆదివారము మరల వచ్చినది. 1806 జనవరి 1 వ తేదీనాటికి ఆ పంచాంగమే పోయినది.

అంతకంటె విచిత్రమైనది సోవియట్ రష్యాలో జరిగినది. 1929 లో అక్కడ యంత్రములు ఒక్కదినమును ఆగకుండునట్లు ఐదు దినముల వారమును ప్రవేశపెట్టిరి. కార్మికులను ఐదు జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క రంగు గుర్తుగా ఇచ్చిరి. ప్రతివానికిని నాలుగు దినములు పని, ఐదవదినము సెలవు. ఏడింటికొక సెలవున్నచోట ఐదింటికొకటి వచ్చినది; కార్మికులు సంతోషింపవలసినదే. కాని ఏనాడు చూచినను ఐదుగురిలో నలుగురు పనిలోనుందురు. భర్తకు పసుపురంగు, భార్యకు ఎరుపురంగు వచ్చిన ఇంటిలో ఇద్దరికిని కలిసి సెలవు ఏనాడును రాదు. స్నేహితులు కలియుట, సభలు జరుగుట కష్టమైనది. భార్యాపిల్లలు లేని ఇంటిలో ఒంటరిగా కూర్చుండుట సెలవగునా యని పత్రికలకు ఉత్తరములు పోయినవి. యంత్రములును, వానిని ప్రత్యేకముగా చూచుకొను మనిషి లేక, చెడిపోజొచ్చెను. 1931 లో దానిని ఆరు దినముల వారముగా మార్చి, అందరికిని ఒకేదినమున సెలవిచ్చిరి. పల్లెప్రజ అప్పుడును ఆదివారమునే పట్టుకొని యుండెను. 1940 జూనులో ఏడు దినముల వారము తిరిగివచ్చినది.

మన పొరుగున సింహళమున మరియొక రీతి జరిగినది. బౌద్ధులకు చంద్రుని నాలుగు పాదముల దినములు ఉపవసథములు. వానిని అక్కడ పోయదినములందురు. 1966 లో ఆ ప్రభుత్వము ఆదివారము సెలవును తీసివేసి పోయదినములను సెలవులు చేసినది. చంద్రుని లెక్క కనుక సెలవు ఒకమారు ఏడు దినములకును, ఒకమారు ఎనిమిది దినములకును వచ్చుచుండెను. ఓడలు, బ్యాంకులు, పరదేశవ్యాపారము లోకముతో పొందిక తప్పినవి. 1971 లో ఆదివారము మరల వచ్చినది. పున్నమి పోయ మాత్రము నేటికిని అక్కడ సెలవుదినమే.

ఇక నాలుగవది మన దేశమునకు సంబంధించినది. మేము ప్రతిదినము చదువు శక తేదీ వెనుక ఆచార్య మేఘనాథ సాహా అధ్యక్షతను 1952 లో ఏర్పడిన పంచాంగసంస్కరణ సంఘమున్నది. ఆ సంఘము సూచనపై 1957 మార్చి 22 వ తేదీనుండి జాతీయపంచాంగము అమలునకు వచ్చినది. ఆ రోజులలోనే, 1953 లో, భారతప్రభుత్వము ఐక్యరాజ్యసమితి యెదుట విశ్వపంచాంగమను ప్రతిపాదన నుంచినది. దాని ప్రకారము ఏ తేదీకి ఏ వారమో ఎల్లకాలము మారదు. 364 దినములు సరిగా 52 వారములు. మిగిలిన ఒక దినమునకు వారము పేరు లేదు. అది లోకమంతటికిని పండుగ. శాస్త్రదృష్టికి ఇంతకంటె చక్కని యేర్పాటు లేదు. సాహా పండితుడు స్వయముగా జెనీవాకు పోయి దానిని సమర్థించెను. కాని ఏటేట ఒక పేరులేని దినము చొచ్చినచో ఏడింటి లెక్క తెగిపోవును. ముస్లిముల జుమా ఒక ఏడు గురువారము పేరిటను, మరుయేడు బుధవారము పేరిటను పడును. యూదుల సబ్బాతునకును, క్రైస్తవుల ఆదివారమునకును అదే గతి. ఏ దినము పవిత్రమో ఏనాడును ఏకీభవింపనివారు, లెక్క తెగరాదను విషయమున ఏకమైరి. అమెరికా 1955 లో ప్రతిపాదనను వ్యతిరేకించినది. 1956 లో ఐక్యరాజ్యసమితి దానిని నిరవధికముగా వాయిదా వేసినది. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో సాహా పండితుడు పరమపదించెను.

ఈ వృత్తాంతములను చదువుచు మేము మొదట, ఇది మతముల పట్టుదల మాత్రమే యనుకొంటిమి. పిదప మా జీవితమే మాకు వేరొక సంగతి నేర్పినది. రేడియోకు ఆదివారము లేదు. పండుగనాడు అందరికిని పాటలు వినిపింపవలసినవారము మేము; కనుక మా సెలవులు డ్యూటీ చార్టులో వంతులవారీగా పడును. మా సెలవు మంగళవారమైనచో, ఆనాడు పిల్లలు బడికి పోదురు, మిత్రులు కచేరీలకు పోదురు. ఇల్లు నిశ్శబ్దముగా నుండును. ఒకనాడు మా చిన్నవాడు, బడికి పోవుచు గుమ్మమువద్ద నిలిచి, నాన్నగారి ఆదివారము ఎప్పుడు వచ్చునని తల్లినడిగెను. నిన్ననే మాకు సెలవైనదని ఆమె చెప్పగా, అది ఆదివారము కాదుగదా యనెను. రష్యాకార్మికులు పత్రికలకు వ్రాసినదియు అదియే. మాకు కొరత విశ్రాంతి కాదు, కలిసి విశ్రమించుట. రైల్వేవారును, ఆసుపత్రి నర్సులును, పోలీసులును మా మాటను సులభముగా గ్రహింపగలరు.

గల్ఫుదేశములకు పోయిన తెలుగుకార్మికుల ఇండ్లలోను ఈ సంగతి తెలిసినదే. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలలో ఎన్నో ఇండ్లకు శుక్రవారము ముఖ్యదినమైనది; అక్కడ సెలవు ఆనాడే గనుక ఇంటికి ఫోను ఆనాడే వచ్చును. 2022 జనవరినుండి అరబ్ ఎమిరేట్సు ప్రభుత్వము తన ఉద్యోగులకు శని, ఆదివారములు పూర్తిసెలవుగా, శుక్రవారము సగము సెలవుగా మార్చినది. ఎక్కడనో ఒక ప్రభుత్వము సెలవుదినము మార్చినచో, ఇక్కడ ఒక పల్లెలో తల్లి ఫోనుకొరకు ఎదురుచూచు దినము మారవచ్చును.

కాగా వారమన్నది పదిమంది చేసికొనిన ఒడంబడిక. ఆకాశము దానిని కాపాడదు, మనమే కాపాడవలెను. కాపాడవలసినది పేరును మాత్రమే కాదు, ఆ పేరుతో వచ్చిన వాగ్దానమును: ఏడింటిలో ఒక దినము ప్రతివాడును పనినుండి విడుదలపొంది తనవారితో నుండవలెననునది. ఈ వాగ్దానమును సరిచూచిన, మన ఇండ్లలోనే ఒక లోపము కనబడును. ఆదివారమునాడు ఇంటిల్లిపాదికిని సెలవు. పొయ్యికి మాత్రము లేదు. తక్కిన దినములలో రెండు కూరలైనచో ఆనాడు నాలుగు. చుట్టములు వచ్చినది ఆనాడే, బట్టలు పోగుపడినది ఆనాడే. గిన్నెలు తోమవచ్చు పనిమనిషి వేరొకరి ఆదివారమును నడపుటకు తన ఆదివారమును విడిచి వచ్చును. దాసి, పరదేశి, ఎద్దు సైతము విశ్రమింపవలెనని చెప్పిన ఆ పురాతనశాస్త్రకర్తలు మన ఇంటి వాకిట నిలిచి చూచినచో ఏమందురో!

యూదగృహములలో సబ్బాతునాటి వంటను ముందుదినమే ముగింతురని చెప్పితిమి. మనము అంతదూరము పోనక్కరలేదు. ఆదివారము ఒకపూట వంట తక్కినవారు చేసికొనవచ్చును. పనిమనిషికి వారమున ఒక దినము, జీతము కోయకుండ, సెలవీయవచ్చును. మా మట్టునకు మేము మంగళవారము సెలవు వచ్చినప్పుడు పొయ్యివద్ద నిలుచుటకు ఆరంభించితిమి. మా సాంబారును గూర్చి ఇంటివారి అభిప్రాయము ఇక్కడ చెప్పదగినది కాదు. కాని ఆ పూట ఇల్లు నిశ్శబ్దముగా లేదు.

రేపు ఉదయము మరల తేదీ చదువుదుము. చివర వచ్చు వారము పేరును ఈమారు కొంచెము శ్రద్ధగా వినుడు.